స్నానపుగది పలకలు : చెడిన పనిని చక్కబెట్టుకొను విధము

ఇంటిలోని గదులన్నిటిలో మిక్కిలి చిన్నది స్నానపుగది. అయినను ఎక్కువ పరీక్షకు గురియగునది అదియే. వంటయింటి నేల దినమునకు రెండు మారులు తడియును. పడకగది నేల తడిబట్ట పెట్టినప్పుడు మాత్రమే తడియును. స్నానపుగది నేలయో తెల్లవారినది మొదలు రాత్రి వఱకు నీళ్లలోనే నానుచుండును. ముసలివారు, గర్భిణులు, పసిపిల్లలు అందఱును వట్టికాళ్లతో ఆ తడినేలమీదనే నడువవలయును. కావున అచ్చట పనివాడు చేసిన లోపము కంటికి వికారముగా నుండుటతో ఆగదు. అది ఒకనాటికి ఒకరి తుంటియెముకమీదికి రావచ్చును. ఈ కారణముచేత ఈ విషయమును గూర్చి మా సోదరీమణులతో కొంచెము విపులముగా ముచ్చటింపదలచితిమి.

పూర్వము మా చాపాడు ప్రాంతపు పల్లెలలో స్నానమునకు వేఱుగా గది కట్టుట అరుదు. పెరటిలో నొకమూల నాలుగు బండలు పఱచి, చుట్టును మొండిగోడయో తడికయో నిలిపి, దానిని జలదారి యనియు బచ్చలి యనియు పిలుచువారు. ఆ నీరు అరటిపాదునకో కరివేపచెట్టు మొదటికో పోయెడిది. బండ కదలినచో ఇంటి పెద్దయే గడ్డపాఱతో దానిని లేవనెత్తి, క్రింద ఇంత ఇసుక పోసి, మరల దించువాడు. అందు తప్పు చేయుటకును, తప్పు దిద్దుకొనుటకును పెద్ద శ్రమ లేదు. నేడు స్నానపుగది పెరటినుండి ఇంటి నడుమకు వచ్చినది. మేడమీదికి సైతము ఎక్కినది. దాని గోడ కావలి ప్రక్క వంటయిల్లో, బియ్యపుబస్తాల గదియో, దేవుని గూడో ఉండును. దారి తప్పిన నీరు ఇప్పుడు అరటిచెట్టునకు పోదు, గోడలోనికి పోవును. సౌకర్యము పెరిగినకొలదియు పనితనము పెరుగవలసియున్నది.

మన రాయి, మన పనివారు

మా సీమ రాతికి పెట్టినది పేరు. ఎఱ్ఱగుంట్ల, నిడుజువ్వి, జమ్మలమడుగు వైపులనుండి పోవు నల్లబండ దేశమంతటను కడపబండ యని ప్రసిద్ధి కెక్కినది. ఇది సున్నపురాయి. 1872వ సంవత్సరములో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించెను. విశేష మేమనగా, లోకము కడపబండ యని పిలుచు నార్జి సున్నపురాతిని శాస్త్రజ్ఞులు కర్నూలు శిలాసముదాయములో లెక్కింతురు! పేరు కడపది, వర్గము కర్నూలుది. పొరలు పొరలుగా లేచి వచ్చు స్వభావము దీనికి గలదు గనుక, ఉలితో విడదీసి నేలకును, అలమరలకును, వంటగట్టులకును వాడుకొనుట సులభము.

ఇట్టి సీమలో బండ పఱచు విద్య తరతరములుగా వచ్చుచున్నది. మా బేల్దారులు బండను చేతితో తట్టి దాని గుణము చెప్పగలరు. అయితే బండ పఱచు విద్యయు, నేటి పలకలు అతికించు విద్యయు ఒకటి కావు. బండ మందముగా, బరువుగా నుండును. తన బరువుతోనే తాను కూర్చుండును. కాల్చిన మట్టిపలక, అనగా మనము టైల్సు అనునది, పలుచగా నుండి క్రింది మన్నికనే నమ్ముకొని యుండును. క్రింద అఱచేయి వెడల్పు బోలు ఉన్నను బండ కోర్చుకొనును, పలక యోర్వదు. పాత విద్యలో ఆరితేరిన మేస్త్రియే క్రొత్త విద్యలో తడబడుటకు ఇదియొక హేతువు. అతనిని నిందించుటకు ముందు ఈ భేదమును మనము గ్రహింపవలయును.

మఱియొక సంగతి. పూర్వపు గచ్చునకు సున్నమును గానుగలో నూఱి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి, దినముల తరబడి కొట్టి నునుపు చేసెడివారు. సున్నము నెమ్మదిగా గట్టిపడును. పనివానికి ఆలోచించుకొనుటకు వ్యవధి యిచ్చును. 1824వ సంవత్సరములో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటు అట్టిది కాదు. నీరు తగిలిన అరగంట దాటగానే అది బిగియనారంభింపవచ్చును. పిమ్మట మరల నీళ్లు చల్లి మెత్తజేసినచో చూపునకు మెత్తబడును గాని పట్టు పోవును. మధ్యాహ్నము భోజనమునకు పోవుచు కలిపి యుంచిన సిమెంటును, వచ్చిన తరువాత నీళ్లు పోసి త్రిప్పి వాడు మేస్త్రిని చూచినచో, ఆ పూట వేసిన పలకలకు గుఱుతు పెట్టుకొనుట మంచిది.

లోపములు ఎచ్చట పుట్టును?

లోపమును కనిపెట్టుటకు పెద్ద చదువు అవసరము లేదు. కన్ను, చెవి, ఒక గోళీ, ఒక రూపాయి నాణెము, ఒక కడవెడు నీళ్లు, ఇవి చాలును.

మొదటిది వాటము. స్నానపుగది నేల చదునుగా నుండరాదు. నీరు పోవు రంధ్రము వైపునకు వాలి యుండవలయును. అడుగు దూరమునకు పావంగుళము పల్లము వాడుకలో నున్న లెక్క. గది ఆరడుగుల పొడవున్నచో ద్వారమువద్దనుండి రంధ్రమువద్దకు అంగుళమున్నర దిగవలయునన్నమాట. మా ప్రాంతమున పారు కర్నూలు కడప కాలువను చూడుడు. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వఱకు సుమారు 190 మైళ్లు, ఏ యంత్రమును త్రోయకుండగనే, వాటమొక్కటి చేతనే నీరు వచ్చుచున్నది. అంత దూరము నీటిని నడిపించిన విద్య ఆఱడుగుల గదిలో తప్పిపోవుట విచారకరము. గోళీని నేలమీద నాలుగు మూలల విడిచిపెట్టిన, అది రంధ్రము వైపునకు దొరలవలయును. దొరలక నిలిచిన చోట నీరును నిలుచును.

రెండవది డొల్ల. నాణెముతో పలకమీద మెల్లగా తట్టినచో, క్రింద నిండుగా సిమెంటు కూర్చున్న పలక గట్టిగా, పొట్టిగా మ్రోగును. డొల్లయున్న పలక ఖాళీ కుండవలె మ్రోగును. పలక నడుమ నొక ముద్ద సిమెంటు వేసి నాలుగు అంచులు వదలివేయుట తఱచుగా జరుగు దోషము. ఇందు మఱియొక సూక్ష్మమున్నది. గోడలకు వాడు మెఱుగు పలకలు నీటిని బాగుగా పీల్చును. వానిని ముందు నీళ్లలో నానవేసి పిదప అతికింపవలయును. లేనిచో అవి సిమెంటులోని నీటిని లాగివేసి దానిని పొడిగా చేయును. విట్రిఫైడ్ అను గట్టిపలకలు దాదాపుగా నీటిని పీల్చవు. అవి వట్టి సిమెంటుపాలను పట్టుకొనజాలవు గనుక వానికి ప్రత్యేకమైన జిగురు మందు వాడవలయును. రెండింటికిని ఒకే విధానము నవలంబించు పనివానివలన రెండవ సంవత్సరముననే పలకలు లేచిపోవుచున్నవి.

మూడవది సందులు. పలకకును పలకకును నడుమ సన్నని సందు విడువవలయును. ఎండకు నేల ఉబ్బును, చలికి ముడుచుకొనును. మా సీమ యెండలు 40 డిగ్రీలు దాటుట యెల్లరు నెఱిగినదే. సందు లేక బిగించిన పలకలు ఒకదాని నొకటి త్రోసికొని పైకి లేచును. సందులను ఆ పూటకాపూటయే పూడ్చివేయక ఒక దినము ఆగి, లోని ధూళి తీసివేసి, అడుగువఱకు నిండునట్లు పూరింపవలయును. పైపైన పూసిన పూత పది స్నానములకు కొట్టుకొనిపోవును.

నాలుగవది కంటికి కనబడనిది. పలకలు నీటిని ఆపునని పలువురు తలంతురు. నిజమునకు పలకలు నీటిని తగ్గించును గాని సంపూర్ణముగా ఆపవు. ఆపవలసినది వాని క్రింద పూయు నీరుచొరని పూత. నేలమీదను, గోడలమీద అడుగు ఎత్తు వఱకును, గొట్టములు గోడలోనికి పోవు చోట్లను, మూలలయందును ఈ పూత ఉండవలయును. ఇది పలకల క్రిందికి పోయిన తరువాత ఎవరికిని కనబడదు గనుకనే ఎగవేయుటకు ఎక్కువ అవకాశము గలది. పలకలు వేయకముందే రంధ్రమునకు గుడ్డ బిగించి, రెండంగుళముల నీరు నిలిపి, ఒక పగలు ఒక రాత్రి ఉంచి చూడవలయును. నీరు తగ్గెనా, ప్రక్క గోడ చెమర్చెనా, క్రింది కప్పు తడిసెనా అని చూచిన తరువాతనే పలకలకు అనుమతి నీయవలయును.

అయిదవది ఆమ్లము. పనిముగిసిన పిదప సిమెంటు మరకలు పోవుటకు పనివారు ఆసిడు పోసి కడుగుదురు. అది సందులలోని సిమెంటును తినివేయును. గదిలో కడపబండ యున్నచో మఱింత జాగ్రత్త అవసరము. సున్నపురాతిమీద ఆసిడు పడగానే నురుగు పొంగును. ఆ నురుగుతోపాటు రాతి నునుపు పోవును. నిమ్మరసము, చింతపండు పులుసు సైతము మెఱుగుబండపై మచ్చ వేయుట మన వంటగట్టులమీద చూచుచునే యున్నాము.

ఇంతియ గాక పనివానిది కాని లోపములును గలవు. పలకలే వంకరగా నున్నచో ఎంతటి నేర్పరి వేసినను అంచులు ఎత్తుపల్లములుగా నుండును. రెండు పలకలను ముఖాముఖిగా కలిపి పట్టుకొన్నచో నడుమ వెలుతురు కనబడినయెడల అవి వంకరవని తెలియును. ఇసుకలో మన్ను ఎక్కువయైనను, తయారై మూడు నెలలు దాటిన సిమెంటును వాడినను పట్టు తగ్గును. సిమెంటు సంచిమీద ఏ సంవత్సరము ఎన్నవ వారమున తయారైనదో ముద్రింపబడియుండును. గోడలకు తెచ్చిన నున్నని పలకను నేలకు వేయుమని యజమానుడే చెప్పినచో, జారినప్పుడు మేస్త్రిని నిందించుట న్యాయము కాదు.

ఈ నున్నని నేల యనగానే మయసభ జ్ఞప్తికి వచ్చుచున్నది. భారత సభాపర్వములో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రములు పైకెత్తుకొనెను; నీటిని నేల యనుకొని అందు పడెను. మయుని పనితనము అంత గొప్పది. కాని నివసించువారికి కావలసినది మయసభ గాదు. తడి యెక్కడ, పొడి యెక్కడ యని తెలియునట్లు కొంచెము గరుకుగా నుండు నేలయే గృహస్థులకు శ్రేయస్కరము.

మా యింట జరిగినది

మా అత్తగారికి 78 ఏండ్లు. పెరటి జలదారి వఱకు నడుచుట ఆమెకు కష్టమగుటచే ఇంటిలోపలనే ఆఱడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల గదిని స్నానమునకు ఏర్పఱచితిమి. పట్టణమునుండి వచ్చిన యొక మేస్త్రి నేల గోడల పనిని 12,000 రూపాయలకు గుత్తగా ఒప్పుకొనెను. సామగ్రి మాది. పని సాగుచుండగా 8,000 రూపాయలు ఇచ్చి, తక్కిన 4,000 నీళ్లు పోసి చూచిన తరువాత ఇచ్చెదమని మావారు ముందే చెప్పియుండిరి.

పని ముగిసెనని మేస్త్రి తాపీ కడిగికొనుచుండగా మేము ఒక బిందెడు నీళ్లు నేలమీద పోసితిమి. నీరు రంధ్రము వైపు పోవుటకు మారుగా ద్వారము మూలకు వచ్చి అద్దమువలె నిలిచెను.

“ఏం గాదులేమ్మా, రెండు దినాలు వాడితే నీళ్లే దావ జూసుకుంటాయి” అని అతడు నవ్వెను.

“నీళ్లకు దావ జూపించేదే నీ పని గదా నాయనా” అని మేమును నవ్వుచునే అంటిమి.

ఆ దినము అంతకంటె మాటలాడలేదు. అతడు అలసియుండెను, అలసినవానితో తగవు ముదురును గాని తేలదు. మఱునాడు ఉదయమున అతనిని పిలిపించి, అతని నీళ్లగొట్టమునే తీసి మట్టము చూడుమని కోరితిమి. ద్వారము మూలకంటె రంధ్రము అరంగుళము ఎత్తున నుండెను. తన పనిముట్టు తానే పట్టుకొని చూచినందున అతడు కాదనలేకపోయెను. పిమ్మట నాణెముతో తట్టి, డొల్లపలికిన ప్రతి పలకమీదను సుద్దముక్కతో గుఱుతు పెట్టితిమి. నేలమీది 30 పలకలలో 11 డొల్లవి. గోడలమీద నాలుగు. ఇవి యన్నియు కాగితముమీద వ్రాసి, మా అబ్బాయిచేత ఫోటోలు తీయించి, ఆ కాగితముమీద తేదీ వేసితిమి.

ఇక అసలు చిక్కు. మరల చేయుటకు కూలి అడుగనని అతడు ఒప్పుకొనెను. కాని పెరికినప్పుడు పగులు పలకల వెల ఎవరు భరింపవలయును? “పలకలు మీవి, పని నాది” యని అతని వాదము. “పని చెడినందువలననే పలకలు చెడుచున్నవి” అని మా వాదము. అతడు లేచిపోవుటకు సిద్ధమయ్యెను. మాకును కోపము రాకపోలేదు. కాని అత్తగారు ఆ దినము సైతము పెరటి జలదారికే, ఒకచేతితో గోడ పట్టుకొని, పోయి వచ్చుచుండిరి. మాకు కావలసినది వాదములో గెలుపు కాదు, ఆమె కాలు జాఱని నేల.

వీధిలోని యొక పెద్దాయన, తానును బేల్దారి పని చేసి విశ్రమించినవాడు, వచ్చి చూచి యిట్లు తేల్చెను. నేల యంతయు పెరికి మరల వాటము తీయవలయును, అతుకులు పనికిరావు. నేలపలకల వెల నిల్వయున్న 4,000లో తగ్గించుకొనవలయును. సిమెంటు, ఇసుక మేము తెచ్చుకొనవలయును. గోడమీది నాలుగు పలకలు నీరు పడని ఎత్తున ఉన్నవి గనుక వానిని విడిచిపెట్టవలయును. మాకు సిమెంటు ఖర్చు అన్యాయమనిపించెను. అతనికి పలకల ఖర్చు అన్యాయమనిపించెను. ఇరువురకును కొంచెము కష్టము కలిగినది గనుక తీర్పు సమముగానే యున్నదని పెద్దాయన అనెను.

మూడు దినములలో పని మరల ముగిసెను. ఈ పర్యాయము పలకలకు ముందు నీరు నిలిపి ఒక పగలు ఒక రాత్రి చూచితిమి. పలకలైన పిదప ఏడు దినములు తడి ఆరకుండ గోనెపట్టాలు కప్పి నీళ్లు చల్లితిమి. మిగిలిన సొమ్ము ఆ సాయంకాలమే ఇచ్చివేసితిమి. చెల్లవలసిన రూపాయిని బిగబట్టుట కూడ ఒక చెడిన పనియే కదా!

మా వీధిలోనే మఱియొక యింట ఇందుకు భిన్నముగా జరిగెను. భర్త లేని యొక యిల్లాలు, పనివాడు పండుగ యని అడుగగా, పని నడుమనే సొమ్మంతయు ఇచ్చివేసెను. అతడు మరల రాలేదు. ఆమె స్నానపుగది గోడ కావలిప్రక్క జొన్నల గది. ఆరు నెలలలో ఆ గోడ నిలువెత్తున చెమర్చి, తెల్లని ఉప్పు పూచి, క్రింది వరుస బస్తాలు బూజుపట్టెను. పలకల లోపము ధాన్యమునకు చుట్టుకొనెను. ఆమె మంచితనమును మేము తప్పు పట్టము. నమ్మినవారిని ముంచుట నమ్మినవారి దోషము కాదు.

ముందుగా వ్రాసికొనవలసినవి

ఇంటిలో పని జరుగునప్పుడు పగలంతయు ఇంట నుండువారు స్త్రీలు. బేరము మాత్రము మగవారు కుదుర్చుకొని పనులమీద వెళ్లిపోవుదురు. ఒప్పందము తెలియని గృహిణి పనివానిని ఏమని అడుగగలదు? కావున ఒప్పందము అర కాగితముమీదనైన వ్రాసి, ఇల్లాలి యొద్ద ఉంచవలయును. అందుండవలసినవి కొన్ని చెప్పెదము.

గది కొలతలు, ఎన్ని చదరపుటడుగులు, అడుగునకు కూలి యెంత. వాటము ఏ వైపునకు, ఎంత. నీరుచొరని పూత ఎవరు, ఎన్ని మారులు పూయవలయును. ఏ పలకకు ఏ జిగురు. పని ఎన్ని దినములలో ముగియును. పలకలు చెడినచో ఎవరి బాధ్యత. సొమ్ము ఏయే దశలలో చెల్లును. సొమ్మును మూడు నాలుగు భాగములుగా విభజించి, నీళ్లు నిలిపి చూచిన దశకు ఒక భాగమును, అంతయు ముగిసి వారము దినములు వాడి చూచిన తరువాత కడపటి భాగమును ఉంచుట మేలు. ఇచ్చిన ప్రతి మొత్తమును తేదీతో వ్రాసి సంతకము తీసికొనవలయును. పలకలు కొనునప్పుడు అదే పెట్టె గుఱుతు గలవి పది యెక్కువగా కొని దాచవలయును. మఱుసటి సంవత్సరము అదే రంగు దొరకుట దుర్లభము.

లోపము కనబడినప్పుడు మొదట ఆ పనివానికే చూపవలయును. ఇతరుల యెదుట అవమానించిన పనివాడు తిరిగి రాడు. అతని పనిముట్టుతో అతనిచేతనే కొలిపించుట శ్రేష్ఠము. అతడు దిద్దుటకు ఒక గడువు అడిగినచో ఇచ్చి, ఆ గడువును వ్రాసికొనవలయును. గడువు దాటినచో వేఱొక నేర్పరిచేత చూపించి, ఏమి చెడినదో, దిద్దుటకు ఎంత యగునో అతనిచేత వ్రాయించుకొనక పూర్వము పలకలు పెరికింపరాదు. పెరికిన తరువాత సాక్ష్యము మిగులదు.

పాత శాస్త్రము, క్రొత్త చట్టము

ఈ తగవు ఈనాటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగవ అధికరణములో మొట్టమొదటి అధ్యాయమే చేతిపనివారిని గూర్చినది. చేయవలసిన పని, చోటు, కాలము ముందుగా నిర్ణయించుకొని పనివారు పని చేయవలయుననియు, ఆలస్యము చేసినచో కూలిలో నాలుగవవంతు తగ్గించి దానికి రెట్టింపు దండనము వేయవలయుననియు, చెప్పినది యొకటి చేసినది యొకటియైనచో కూలియంతయు పోయి, దానికి రెట్టింపు దండనము కలుగుననియు అందున్నది. ఆపదలు వచ్చినప్పుడు మాత్రము మినహాయింపు గలదు. అంతియ గాక, మూడవ అధికరణములో కూలి ఎగబెట్టిన యజమానునికిని దండనము విధింపబడినది. త్రాసు రెండు వైపుల తూగినది. శతాబ్దుల తరబడి మఱుగుపడియున్న ఈ గ్రంథమును మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిరి.

నేటి చట్టము కూలివాని తల గొట్టదు గాని వినియోగదారునకు దారి చూపును. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునకు 1993లో చేసిన సవరణలో గృహనిర్మాణము సైతము ‘సేవ’లో చేర్చబడినది. ఆ సంవత్సరమే నవంబరు 5వ తేదీన లక్నో అభివృద్ధి సంస్థకును ఎం. కె. గుప్తా అనునాయనకును జరిగిన వ్యాజ్యములో భారత సుప్రీంకోర్టు, ఇల్లు కట్టియిచ్చుటలో జరిగిన లోపము సేవాలోపమే యని తీర్పు చెప్పెను. 2019వ సంవత్సరపు క్రొత్త చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ననుసరించి తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. మాకైనచో కడపలోని జిల్లా వినియోగదారుల కమిషను. ఇచ్చిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనప్పుడు రుసుము లేదు. న్యాయవాది లేకయే తామే చెప్పుకొనవచ్చును. తగవు పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయవలయును. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో సలహా చెప్పుదురు.

ఒక్క భేదము మాత్రము గమనింపవలయును. పనిని మొత్తముగా గుత్తకు ఒప్పుకొని, తన నేర్పుతో తాను చేయు మేస్త్రి పని ఈ చట్టము క్రిందికి వచ్చును. మన యాజ్ఞ ప్రకారము మన క్రింద కొలువు చేయువాని పని రాదు. అందుచేతను వ్రాతయుండుట మంచిది. ఫిర్యాదునకు ముందు, లోపములను వరుసగా వ్రాసి, దిద్దుటకు పదునైదు దినములు గడువిచ్చి, చేరినట్లు సంతకము వచ్చునట్లు తపాలాలో పంపవలయును. పెక్కు తగవులు ఈ యుత్తరముతోనే తీరిపోవును. నాలుగు వేల రూపాయలకై కడపకు పలుమారులు తిరుగుట అందఱకును సాధ్యము కాదు. అయినను దారి యున్నదని తెలిసిన గృహిణి మాటకు బరువుండును. ఆ బరువు తెలిసిన పనివాడు మొదటనే మట్టము చూచును.

కడపటి మాట

మంచి మేస్త్రులు మా సీమలో కొఱవడలేదు. వారు పూట యెక్కువ తీసికొందురు, కూలి కొంచెము హెచ్చుగా అడుగుదురు, పలకను వేసిన పిదప తామే తట్టి విని, డొల్లయైనచో మనము చెప్పకమునుపే పెరికి మరల వేయుదురు. చవుక బేరమునకై వారిని విడిచి, త్వరగా ముగించువానిని పిలుచు ఆచారము పెరిగిన కొలదియు మంచి పనివారు పని మానుకొందురు. కావున చెడిన పనిని నిలదీయుట యెంత అవసరమో, మంచి పనిని పదిమందికి చెప్పుటయు అంత అవసరము. ఇరుగుపొరుగువారు మేస్త్రిని గూర్చి అడిగినప్పుడు ‘ఏదో చేసినాడు’ అని దాటవేయక, వాటము సరిగా నున్నదా, చెప్పిన దినమునకు వచ్చెనా, లోపము చూపినప్పుడు దిద్దెనా, ఈ మూడును ఉన్నదున్నట్లు చెప్పవలయును.

తడిసిన నేలమీద పాదము నిలుచుట చిన్న సంగతివలె తోచును. ఇంట వృద్ధులున్న సోదరీమణులకు అది యెంత పెద్ద సంగతియో మేము చెప్పనక్కఱలేదు.